ఇంట్లో చేసే సేవకు గంటల లెక్క ఎలా కట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. నరసాపురం దగ్గర పల్లె. మీ మామ్మగారికి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి, మంచానికే పరిమితమయ్యారు. ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. మొదట నెల వంతులు అనుకున్నారు, చివరికి ఆవిడ మీ ఇంట్లోనే ఉండిపోయారు. చూసేది మీ అమ్మగారు. ఇందుకోసం లేసు అల్లడం మానేశారు. మీ పెదనాన్నగారూ బాబాయిగారూ డైపర్లకీ మందులకీ డబ్బు పంపుతున్నారు, మిగతా విషయం ఎత్తితే "ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది కదా" అంటున్నారు. ఈ పనికి విలువ కట్టడం కుదురుతుందా, కడితే ప్రేమకి ఖరీదు కట్టినట్టు అవుతుందా అని మీ సందేహం.

కుదురుతుంది, కట్టాలి కూడా. కాకపోతే లెక్క మొదలయ్యే చోటు మారాలి. మన వైపు వంతు ఎప్పుడూ కొడుకు పేరు మీద పడుతుంది, పని కోడలి చేతుల మీద పడుతుంది. "ఈ నెల రెండోవాడి వంతు" అన్నమాటలో మీ అమ్మగారు ఎక్కడా కనపడరు. ఇక్కడ చట్టం ఏమంటుందో చూడండి. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం (2007) పిల్లలంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు అని చెప్పింది, మైనర్లను మినహాయించింది. కోడలు ఆ జాబితాలో లేదు. అంటే చట్టరీత్యా బాధ్యత లేని మనిషి పని మొత్తం చేస్తుంటే, బాధ్యత ఉన్న నలుగురు "సాయం" చేస్తున్నట్టు మాట్లాడుతున్నారు. పెద్దమనుషుల ముందు కూర్చున్నా, అన్నదమ్ములే కూర్చున్నా, మొదట తేల్చుకోవాల్సింది ఇదే.

ఇక లెక్క. దేశంలో ఎవరి కాలం ఎలా గడుస్తోందో తెలుసుకోడానికి గణాంక శాఖ 2019లోనూ 2024లోనూ సర్వే చేసింది. వాళ్ల పద్ధతి ఉదయం 4 గంటల నుంచి మర్నాడు 4 వరకు, అరగంట అరగంటగా ఏం చేశారో రాసుకోవడం. మీరూ అదే చెయ్యండి. ఒక రోజు సరిపోదు. ఆసుపత్రికి వెళ్లిన రోజు ఒకటి, మామూలు రోజులు నాలుగు, ఆదివారం ఒకటి పడేలా వరసగా వారం రాయండి. అమ్మగారిని రాయమనకండి, ఆవిడకి అది ఇంకో పని. పక్కన ఉండి మీరు రాయండి, లేదా ఫోన్‌లో ఆవిడ చెబితే సాయంత్రం దించుకోండి.

ఒక వైపు పడిపోయి, డైపర్ల మీద ఉండి, స్పూనుతో తినిపించాల్సిన మనిషికి మామూలు రోజు దాదాపు ఇలా తేలుతుంది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, రోజుకి 12 సార్లు, ఒక్కోసారి 8 నిమిషాలు, మొత్తం 96. డైపర్ మార్చి శుభ్రం చేయడం 4 సార్లు, పావుగంట చొప్పున 60. మూడు పూటలా తినిపించడం 35 చొప్పున 105, మందులూ మంచినీళ్లూ జావా ఆరుసార్లు 5 చొప్పున 30. తడిబట్టతో ఒళ్లు తుడిచి, బట్టలూ పక్కా మార్చడం 45. కీళ్లు బిగుసుకుపోకుండా చేతులూ కాళ్లూ ఆడించడం రెండుసార్లు 20 చొప్పున 40. తడిసిన దుప్పట్లు ఉతకడం 40. మెత్తగా విడిగా వండడం 40. కలిపితే 456 నిమిషాలు, అంటే 7 గంటల 36 నిమిషాలు. ఇంటిల్లిపాదికీ వంట, ఇల్లూడ్చడం, అంట్లు ఇందులో లేవు. పైన చెప్పిన 2024 సర్వేలో ఆరేళ్లు దాటిన ఆడవాళ్లలో ఇంటిపని చేసేవాళ్లు రోజుకి 289 నిమిషాలు దాని మీద పెడుతున్నారని తేలింది, మగవాళ్లలో చేసేవాళ్లు 88. మనుషుల్ని చూసుకునే పనిలో ఆడవాళ్లు 137, మగవాళ్లు 75. ఆ సగటు ఇంటిపని పక్కన మీ అమ్మగారి 456 పెట్టి చూస్తే రోజు ఎక్కడ మాయమవుతోందో తెలుస్తుంది.

ఈ లెక్కలో సాధారణంగా జారిపోయేవి మూడు. మొదటిది రాత్రి. పది, పన్నెండు, రెండు, నాలుగు గంటలకి లేచి తిప్పిన మనిషి నిద్రపోయినట్టు కాగితంలో కనిపిస్తుంది. తిప్పింది అరగంటే, చెడింది రాత్రంతా. రెండోది కావలి. ఏమీ చెయ్యకుండా గదిలో ఉన్నా బయటకి పోలేని సమయం ఇది. "టీవీ చూస్తూ కూర్చుంది" అని బంధువులు రాసేది దీన్నే. వీధి చివర కొట్టుకి వెళ్లాలంటే ఎవర్నైనా కూర్చోబెట్టాల్సి వస్తే అది పనిగంటే. మూడోది ఆలోచన: మందులు ఎప్పటికి అయిపోతాయి, ఫిజియోథెరపీ అబ్బాయి ఏ రోజు వస్తాడు, ఆసుపత్రికి బండి ఎవరిది. ఇది ఒక్క తలలోనే ఉంటుంది, రాయకపోతే లేనట్టే.

విలువ కట్టడానికి ఆర్థికశాస్త్రంలో రెండు దారులున్నాయి. ఆ మనిషి ఈ పని కోసం వదులుకున్న సంపాదన ఎంత అన్నది ఒకటి, ఇదే పనికి బయటివాళ్లని పెడితే ఎంత అన్నది రెండోది. మొదటి దారిలోకి దయచేసి వెళ్లకండి, ముఖ్యంగా మీ కేసులో. 1970ల చివర్లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు పని మీదే పరిశోధన చేశారు. రోజుకి ఆరేడు గంటలు అల్లే ఆడవాళ్లని ఊరూ, వ్యాపారులూ, వాళ్ల ఇళ్లూ "ఇంట్లో ఖాళీగా ఉండి అల్లుకుంటారు" అనే చూశాయని, అలా చూడబట్టే కూలి అంత తక్కువగా ఉండగలిగిందని ఆవిడ చూపించారు. మీ అమ్మగారు వదులుకున్నది ఆ లేసు కూలి. దాన్నే కొలతగా పెట్టుకుంటే ఒక పనిలో జరిగిన అన్యాయాన్ని తీసుకొచ్చి ఇంకో పనికి ధరగా అతికించినట్టవుతుంది. లేసుకి కూలి తక్కువ కాబట్టి మామ్మగారి సేవ చవక అన్న వాదన అక్కడే పుడుతుంది.

రెండో దారి పట్టండి. మీ చుట్టుపక్కల ఆయాని పెట్టుకున్న ఇళ్లలో అడిగి ధర తెలుసుకోండి. లెక్క చూపించడానికి 12 గంటలకి 700 రూపాయలు అనుకుందాం. గంటకి 58 చిల్లర, సులువుగా 60, అంటే నిమిషానికి రూపాయి. నేరుగా చేసిన పని రోజుకి 456 రూపాయలు. రోజులోని 1,440 నిమిషాల్లో మిగిలిన 984 నిమిషాల కావలికి నాలుగో వంతు రేటు వేస్తే 246. మొత్తం రోజుకి 702, నెలకి 21,060. అదే నిజంగా ఇద్దరు ఆయాల్ని పగలూ రాత్రీ పెడితే రోజుకి 1,400, నెలకి 42,000. ఈ రెండు అంకెల మధ్య తేడా ఎందుకొచ్చిందో మీ వాళ్లకి చెప్పండి. ఆయాకి ఖాళీగా కూర్చున్న గంటకీ జీతం ఇస్తాం, ఎందుకంటే ఆవిడ ఇంకెక్కడికీ పోలేదు కాబట్టి. మీ అమ్మగారూ పోలేరు. అందుకే కావలికి నాలుగో వంతు అనేది కనీసపు లెక్క. బేరం దాని కిందకి దిగకూడదు.

సరుకుల ఖర్చు ఈ లెక్కలో కలపకండి. రోజుకి 4 డైపర్లు, ఒక్కోటి 30 అనుకున్నా నెలకి 3,600. అన్నదమ్ములు డైపర్లు కొనిపెట్టి సేవలో తమ వాటా తీరిపోయిందనుకోవడం దాదాపు ప్రతి ఇంట్లో జరుగుతుంది. కాగితం మీద రెండు నిలువు గీతలు గీయండి, ఒకటి సరుకులకి, ఒకటి చేతిపనికి. పింఛను సరుకుల వైపు రాయండి. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఎన్టీఆర్ భరోసాలో నెలకి 15,000 వస్తుంది, దానికి వైద్యుల ధ్రువీకరణ ఉండాలి. మామ్మగారికి ఇంకా మామూలు వృద్ధాప్య పింఛను 4,000 మాత్రమే వస్తుంటే వెంటనే సచివాలయంలో అడగండి. అయితే అది మామ్మగారి డబ్బు. దాన్ని చూపించి "ప్రభుత్వం ఇస్తోందిగా" అని మీ అమ్మగారి గంటలు కొట్టేయడానికి వీల్లేదు.

ఇదంతా మీ ఇంటి తగువులా కనిపిస్తుంది గానీ, ప్రపంచం లెక్కలన్నీ ఇలాగే ఉన్నాయి. జాతీయాదాయాన్ని లెక్కించే అంతర్జాతీయ పద్ధతిలో పెరట్లో సొంతానికి పండించిన వంకాయ ఉత్పత్తి కిందకి వస్తుంది, దాన్ని కూర చేసి పెట్టడం రాదు. వంటమనిషిని పెడితే ఆమె జీతం వస్తుంది. ఈ గీత ఎక్కడ గీయాలన్న చర్చ పాతదే. ఆ పనిని డబ్బిచ్చి మూడో మనిషి చేత చేయించగలిగితే అది ఉత్పత్తే అని అమెరికన్ ఆర్థికవేత్త మార్గరెట్ రీడ్ 1934లోనే చెప్పారు. మీరు పైన కట్టిన లెక్క ఆ సూత్రం మీదే నిలబడింది. న్యూజిలాండ్‌కి చెందిన మార్లిన్ వేరింగ్ 1980ల్లో ఈ లెక్కల పద్ధతినే నిలదీశారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో వేసిన అంచనా ప్రకారం జీతం లేని సంరక్షణ పని ప్రపంచంలో రోజుకి 1,640 కోట్ల గంటలు, అందులో నాలుగింట మూడు వంతులకి పైగా ఆడవాళ్లది.

డబ్బు కట్టడం మీద స్త్రీవాదుల్లోనే వాదం ఉంది, అది తెలిసే మాట్లాడాలి. 1972లో ఇటలీలో మొదలైన "ఇంటిపనికి జీతం" ఉద్యమం, ఈ పని లేకపోతే రేపు ఫ్యాక్టరీకి వచ్చే కార్మికుడే ఉండడు కాబట్టి జీతం అడుగుతాం అంది. జీతం ఇస్తే ఆడవాళ్లని ఇంటికే కట్టేసినట్టు అవుతుందని మరికొందరు అన్నారు. తర్వాత బ్రిటిష్ ఆర్థికవేత్త డయాన్ ఎల్సన్ మూడు మెట్లుగా చెప్పారు: పనిని గుర్తించడం, భారం తగ్గించడం, తిరిగి పంచడం. నా అభిప్రాయం స్పష్టంగానే చెబుతాను. మన ఇళ్లలో మొదటి మెట్టు దగ్గర ఆగిపోతున్నాం. ఆదర్శ కోడలు అని సంక్రాంతికి పట్టుచీర పెట్టి గుర్తింపు ముగించేస్తున్నాం. డబ్బు ఇవ్వడం కూడా సగమే. గంటలు చేతులు మారాలి.

కాబట్టి పంపకం. ఊళ్లో ఉన్న కొడుకు రాత్రి వంతు తీసుకోవాలి. మనిషిని తిప్పడం, పైకి జరపడం బలం కావాల్సిన పని, మగవాళ్లకి చేతకాదనడానికి ఏ ఆధారమూ లేదు. తల్లికి డైపర్ మార్చడం మగపిల్లలకి ఇబ్బంది అంటారు, మామ్మగారికీ ఇబ్బందే కావచ్చు, ఆవిడ మాటే చివరి మాట. అది వదిలేసినా పైన లెక్కలో తిప్పడం, తినిపించడం, మందులు, కీళ్లు ఆడించడం, ఉతకడం కలిపి 311 నిమిషాలున్నాయి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు పండక్కి మూడు రోజులొచ్చి చుట్టపుచూపుగా మంచం పక్కన కూర్చుంటే భారం తగ్గదు, నలుగురికి వంట పెరుగుతుంది. ఏడాదికి రెండుసార్లు పది రోజుల చొప్పున సెలవు పెట్టి రావాలి, మొదటి రెండు రోజులు మీ అమ్మగారి పక్కన ఉండి నేర్చుకోవాలి, మిగతా ఎనిమిది రోజులు ఆవిడ పుట్టింటికో మరెక్కడికో వెళ్లిపోవాలి. ఆవిడ ఇంట్లోనే ఉంటే పని మళ్లీ ఆవిడ చేతికే వస్తుంది. వచ్చిన కొడుకు తన భార్యని తెచ్చి ఆమె చేత చేయిస్తే ఆ రోజులు ఆయన ఖాతాలో వేయొద్దు.

అప్పగించేటప్పుడు చెప్పాల్సినవి గోడ మీద అంటించండి. పక్కకి తిప్పినప్పుడు నిలువుగా కాకుండా 30 డిగ్రీల వాలు, వీపు వెనక దిండు, మోకాళ్ల మధ్య దిండు, మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద మెత్త. పైకి జరపాలంటే నడుం కింద మడత దుప్పటి వేసి ఇద్దరు ఎత్తి జరపాలి. లాగితే చర్మం ఒరుసుకుపోతుంది. తుంటి, నడుం కింది ఎముక, మడమ రోజూ చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎరుపెక్కాలి. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే, ఆ వైపు పడుకోబెట్టకూడదు. తినిపించేటప్పుడు కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందకి దించి, నోటి కుడివైపు, అంటే బాగున్న వైపు, చిన్న స్పూనుతో. తిన్నాక అరగంట అలాగే ఉంచాలి. దగ్గు వచ్చినా, గొంతు తడిగా గరగరలాడినా ఆపేయాలి. ఇక్కడ తొందరపడితే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వస్తుంది. తినిపించడానికి 35 నిమిషాలెందుకని ఎవరైనా అడిగితే ఇదీ జవాబు. ఒక రాత్రి రెండుసార్లు తిప్పడం మానితే వచ్చిన పుండు మానడానికి నెలలు పట్టొచ్చు. నైపుణ్యం లేని పని అన్నవాళ్లకి ఈ కాగితం చూపించండి.

డెల్టాలో గంటలు ఏడాది పొడుగునా ఒకేలా ఉండవు. వేసవిలో కాలువలు కట్టేశాక చెరువు నీళ్లో డబ్బా నీళ్లో తెచ్చుకోవాలి, బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో అది ఇంకా కష్టం, ఉతుకుడు సమయం పెరుగుతుంది. వానాకాలం దుప్పట్లు ఆరవు, కనీసం రెండు జతలు అదనంగా ఉండాలి. తుపానుకి కరెంటు పోతే ఎయిర్ బెడ్ పంపు ఆగి గాలి దిగిపోతుంది, మనిషి నేరుగా గట్టి చెక్క మీదకి వస్తారు. దాని కింద మందమైన ఫోమ్ పరుపు తప్పకుండా వేయండి. లంక ఊళ్లలో అయితే వరద కబురు రాగానే, నీళ్లు రాకముందే మనిషిని గట్టు దాటించాలి, పడవలోకి ఎక్కించడానికి నలుగురు కావాలి. ఆ నలుగురి పేర్లు ముందే రాసుకోండి.

ఆయాని పెట్టుకుంటే ఇంకో అన్యాయం జరక్కుండా చూడండి. మన ఊళ్లలో మలమూత్రాలు ఎత్తే పనికి పిలిచేది ఎక్కువగా దళితపేట ఆడవాళ్లనే. ఆ కులం పేరు మీదే ధర తగ్గిస్తారు, విడి గ్లాసు పెడతారు. ఒక ఇంటి కోడలు ఊపిరి పీల్చుకోవడం ఇంకో ఇంటి ఆడమనిషి చవక శ్రమ మీద నిలబడకూడదని దళిత స్త్రీవాదులు ఎన్నాళ్లగానో అంటున్నది అక్షరాలా నిజం. రోజుకి 12 గంటలు మించకుండా, వారానికి ఒక రోజు జీతంతో సెలవు, గ్లౌజులు, అదే కంచం అదే గ్లాసు. ఆ సెలవు రోజు ఎవరిదో మీ వంతుల కాగితంలో ఉండాలి. డెల్టా ఇళ్లలో కువైట్‌కో మస్కట్‌కో వెళ్లి పరాయి పిల్లల్నీ ముసలివాళ్లనీ చూసుకునే తల్లులున్నారు. వాళ్లు పంపే డబ్బు అందరికీ కనిపిస్తుంది, ఇక్కడ వాళ్ల పిల్లల్ని పెంచే అమ్మమ్మ గంటలు కనిపించవు. ఆ ఇంట్లోనూ ఇదే కాగితం రాయాలి, అమ్మమ్మ పేరున విడిగా పంపాలి.

ప్రభుత్వం కూడా ఈ పనిని గౌరవ వేతనం పేరుతోనే నడుపుతోంది. ఆంధ్ర అంగన్‌వాడీ కార్యకర్తలు జీతం పెంపు కోసం 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేయాల్సి వచ్చింది, అప్పటికి నెలకి ఇస్తున్నది 11,500. కేరళ మాత్రం మంచాన పడ్డవాళ్లని చూసుకునే ఇంటి మనిషికే ఆశ్వాసకిరణం పథకం కింద నెలకి 600 ఇస్తుంది. అంకె చిన్నదే, కానీ డబ్బు అందుకునేది రోగి కాదు, చూసుకునే మనిషి. ఇక్కడా అడగదగ్గ విషయం అది.

కోర్టులు మన ఇళ్లకన్నా ముందున్నాయి. 1989 జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదం కేసులో సుప్రీంకోర్టు 2001లో గృహిణి సేవల్ని నెలకి 3,000గా లెక్కించింది. 2010లో, జనాభా లెక్కల్లో గృహిణుల్ని బిచ్చగాళ్లతో ఖైదీలతో కలిపి పని చెయ్యనివాళ్లుగా చూపించడాన్ని తప్పుబట్టింది. 2021 జనవరిలో జస్టిస్ ఎన్.వి. రమణ, గృహిణికి ఊహాత్మక ఆదాయం కట్టడం ఆ శ్రమను గుర్తించడమే అని రాశారు. 2023లో మద్రాసు హైకోర్టు, భర్త గల్ఫ్‌లో సంపాదిస్తుంటే ఇల్లు నడిపిన భార్యకి ఆ సంపాదనతో కొన్న ఆస్తిలో సమాన వాటా ఉందని తీర్పిచ్చింది. ఆంధ్ర కోర్టులు ఆ మద్రాసు తీర్పుకి కట్టుబడాలని లేదు గానీ, వాదనలో చూపించవచ్చు.

ఇక మీరు రాసుకోవాల్సిన ఒప్పందం. నెల మొత్తాన్ని నలుగురు పిల్లల మధ్య పంచండి, కూతురిని వదలకండి. ఆస్తిలో సమానమైన కూతురు బాధ్యతలోనూ సమానమే. ఆ వాటా కూడా ఆవిడ అత్తగారింట్లో ఆవిడ చేసే సేవని చూసి గంటల్లోనో డబ్బులోనో తేల్చుకోవచ్చు. 21,060ని నాలుగు చేస్తే 5,265. మీ నాన్నగారి భాగం ఆయన గంటల్లో చెల్లించాలి, మీ అమ్మగారు చేసిన పనిని ఆయన ఖాతాలో వేయకూడదు. మిగతా ముగ్గురి డబ్బు ప్రతి నెలా 5వ తేదీలోపు మీ అమ్మగారి సొంత ఖాతాకి రావాలి. ఉమ్మడి ఖాతా వద్దు, మీ నాన్నగారి ఖాతా అసలే వద్దు.

"తర్వాత ఎకరం ఎక్కువిస్తాం లే" అన్న నోటిమాట తీసుకోకండి. మామ్మగారికి తన సొంత ఆస్తి ఉండి, మీ అమ్మగారికి ఇవ్వాలని ఆవిడకే ఉంటే, కొడుకు పేరు మీద కాకుండా కోడలి పేరు మీదే వీలునామా రాయించాలి. ఇద్దరు సాక్షులు ఉండాలి, లబ్ధి పొందేవాళ్లు సాక్షి సంతకం పెట్టకూడదు, ఆ రోజు తేదీతో డాక్టరు దగ్గర మనసు స్థిమితంగా ఉందన్న పత్రం తీసుకోవాలి. మంచాన ఉన్న మనిషి రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లక్కర్లేదు, దరఖాస్తు పెడితే ఇంటికే వచ్చి రిజిస్టరు చేసే వీలు చట్టంలో ఉంది. ఎవరికైనా ఇప్పుడే గిఫ్టు రాస్తుంటే, పోషించి చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే రాయించండి. ఆ షరతు తప్పితే 2007 చట్టం 23వ సెక్షన్ కింద ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌లో రద్దు అడగొచ్చు. అన్నదమ్ములు అసలు పలక్కపోతే మామ్మగారి తరఫున అదే ట్రిబ్యునల్‌లో పోషణ అడగొచ్చు, చట్టంలో గరిష్ఠం నెలకి 10,000.

ఒప్పందాన్ని మూడు నెలలకోసారి మళ్లీ చూడండి. గొట్టం ద్వారా ఆహారం మొదలైనా, మూత్రానికి గొట్టం పెట్టినా గంటలు మారిపోతాయి, వారం డైరీ మళ్లీ రాయాలి. మీ అమ్మగారికి జ్వరమొస్తే ఆ పూటే ఎవరు రావాలో పేరూ ఫోన్ నంబరూ అదే కాగితంలో ఉండాలి. ఆ పేరు ఇంకో కోడలిది కాకుండా కొడుకుల్లో ఒకరిది అయ్యేలా పట్టుబట్టండి.